పన్నెండు డిగ్రీల వాలు

లేవార్డెన్‌లో గాలి ఎప్పుడూ నైరుతి నుంచే.
చెట్లు దానికి లొంగి పెరుగుతాయి.
సైకిళ్లు తల దించుకుని పోతాయి.
ఊరి నడుమ సగంలో ఆపేసిన ఇటుక గోపురం కూడా
ఓ పక్కకి ఒరిగి, నాకేం తెలీదన్నట్టు నిలబడి ఉంటుంది.

"ఒరగడం వేరు, వాలడం వేరు" అనేది చిట్స్‌కె వీర్డా.
"ఒరిగింది పడుతుంది. ముందుకి వాలింది పరిగెడుతుంది."

ఆమె ఇంటి మేడ మీద రెండు చలికాలాలు అద్దెకున్నాను.
కరెంటు పోయిన రాత్రుళ్లు సొరుగు లాగి
కొవ్వొత్తి వెలుగులో చూపించేది,
పాల సహకార సంఘం లారీల కోసం
డెబ్బై మూడులో గీసిన అక్షరాలు.

పదకొండు డిగ్రీలైతే బద్ధకం,
పదమూడైతే తాగి తూలినట్టు.
పన్నెండు దగ్గర ఆగింది.
దూరాన పొలంలో ఉన్న రైతుకి ఆనాలని లావు చేసింది,
చేయగానే e కన్ను మూసుకుపోయింది.
వాల్చిన సున్న సున్నలా ఉండదు,
ఎవరో కూర్చుని లేచిన దిండులా ఓ మూల ఉబ్బుతుంది.
చివరలు నున్నగా తిప్పితే గీత పొట్టిదైపోతుంది,
అందుకని వెంట్రుకవాసి బయటికి లాగాలి.
"కంటికి నిజం చెప్పాలంటే
స్కేలుకి అబద్ధం చెప్పాలి."

s తొమ్మిది రోజులు పట్టింది.
భర్త వీబె అన్నానికి పిలిస్తే
"నన్నే ఇది తింటోంది" అందట.

గుండ్రం ఎందుకని అడిగాను.
"రేకు మూలల దగ్గరే ముందు తుప్పు పడుతుంది.
పైగా, పాలకి మూలలెక్కడివి?"
కాగితం మీద మా అక్షరాలు రాసి చూపించాను.
చాలాసేపు చూసింది.
"మీవి పుట్టుకతోనే గుండ్రం. నావి ఆకురాయికి అరగదీసినవి.
ఈ నెత్తి మీదిదేమిటి?"
తలకట్టు అన్నాను.
"మీ ఊళ్లోనూ చలా?"

మోల్కె అంటే వాళ్ల భాషలో పాలు.
నా చెవికి మొలక.
నీలం మీద తెల్లగా నలభై లారీలు
తెల్లారగట్ల మంచులోంచి మొలకెత్తేవట.
పరిగెత్తి పాలు తాగేకన్నా
నిలబడి నీళ్లు తాగడం మేలని మావాళ్ల మాట, చెప్పాను.
"మా లారీని చూసుండరు" అంది.

తర్వాత అవి సంఘం గడప దాటాయి.
ఐస్‌క్రీం డబ్బా, ఈత కొలను,
పసిపిల్లల లంగోటీల ప్యాకెట్టు, కుళాయిలు బాగుచేసే వ్యాను.
ఒకసారి ఎవరిదో పెళ్లి శుభలేఖ మీద
తన k కాలు చాపుకుని పడుకుని ఉందట.
పైసా రాలేదు. పిల్లలు బాగున్నారులే అన్నట్టు
నవ్వి ఊరుకుంది.

తొంభై ఎనిమిది నవంబరు.
ఫ్యాక్టరీ గేటుకి ఓ కాగితం.
సంఘం ఇంకో సంఘంలో కలుస్తోంది,
నూట ముప్పై ఆరుగురు సోమవారం నుంచి రానక్కర్లేదు.
కంపెనీ నియమం ప్రకారం
కంపెనీ అక్షరాల్లోనే,
లావుగా, మెత్తగా, ముందుకి వాలి
ఏదో పండక్కి పరిగెడుతున్నట్టు.
వీబె ముప్పై ఏళ్లు మీగడ విభాగంలో చేశాడు.
రెండుసార్లు చదివాడు.
ఆమె ఒకసారి చదివింది.
"వరసల మధ్య ఎడం చాల్లేదు" అంది.
ఇంటికొచ్చేదాకా ఇంకేం అనలేదు.

అక్షరమంటే నశించనిదని మా బడిలో చెప్పారు.
కాదనలేనిదని
ఎవరూ చెప్పలేదు.

ఆ చలికాలమే ఇంకో వరస మొదలుపెట్టింది,
నిటారుగా, సన్నగా, మూలలు మూలల్లాగే.
చెడ్డ కబుర్ల కోసం.
n తో మొదలు. వాళ్ల భాషలో "నే" అంటే వద్దు.
దాని తర్వాత e రావాలి.
రాలేదు.

సొరుగు అడుగున ఆ ఒక్క n ఉంది
తలుపు లేని గుమ్మంలా.
కొవ్వొత్తి దగ్గరికి జరిపి చూస్తే
ఎడమ కాలి మడమ దగ్గర రబ్బరు మరక,
చెయ్యి అలవాటు కొద్దీ మూల గుండ్రం చేసి
మళ్లీ చెరిపినట్టుంది.