కార్బన్ కాగితం

రాక్‌ఫర్డ్‌లో మరమేకుల ఫ్యాక్టరీ.
రెండో అంతస్తులో, కిటికీ లేని గదిలో
పదకొండేళ్ళుగా జీతాల పట్టిక టైపు చేస్తున్నాను.
ఎవరి చెమట ఖరీదెంతో
వాళ్ళింట్లోవాళ్ళకన్నా ముందు నా వేళ్ళకు తెలుస్తుంది.

చేరిన రోజే మేనేజరు చెప్పాడు:
"మిస్ బ్రాండ్‌వోల్డ్, ఈ గదిలో చూసింది ఈ గదిలోనే."
ఆడవాళ్ళ నోట్లో నువ్వుగింజ నానదని ఆయన భయం.
నానింది.
పదకొండేళ్ళు నానింది.

థెల్మా ఒకర్లండ్, లేత్ మిషను, గంటకు డాలరు ముప్ఫై ఒకటి.
డ్వైట్ సోరెన్సన్, అదే లేత్, రాత్రి షిఫ్టు,
గంటకు డాలరు డెబ్భై నాలుగు.
అతనికి పని నేర్పింది థెల్మానే.
యుద్ధంలో ఆ లేత్ మీదే బాంబర్లకు బోల్టులు మలిచింది,
మేయరు వచ్చి చెయ్యి కలిపి ఫోటో దిగాడు.
యుద్ధం అయ్యాక ఫోటో గోడ దిగింది,
థెల్మా ఇంటికెళ్ళింది.
మళ్ళీ వచ్చేసరికి
అదే పనికి కొత్త పేరు: "తేలిక పని."

"అతను సంసారి కదా" అన్నారు పైవాళ్ళు.
డ్వైట్‌కి ఉన్నది ఒక కుక్క.
థెల్మాకి ముగ్గురు పిల్లలు,
కొరియా నుంచి మడతపెట్టి వచ్చిన ఒక జెండా.

నా జీతమూ నేనే కొట్టుకుంటాను ప్రతి గురువారం,
కింది నుంచి నాలుగో వరస.

ఆ గురువారం ఏమైందని అడక్కండి.
ధైర్యం అనకండి దాన్ని.
కాళ్ళు పీకుతున్నాయి, కాఫీ చల్లారిపోయింది.
వాడిన కార్బన్ కాగితాలు రోజూ కాల్చెయ్యాలి,
ఒకటి కాల్చలేదు, అంతే.
చొక్కా చేతి మడతలో దాచి
ఆడవాళ్ళ బాత్‌రూముకి నడిచాను
(ఫ్యాక్టరీ మొత్తానికి ఒక్కటే, గోదాము వెనకాల).
అద్దం ముందు, తువ్వాలు కింద వదిలేసి వచ్చాను.

నల్లటి కాగితం, తిరగబడ్డ అక్షరాలు.
అద్దానికి చూపిస్తేనే సరిగ్గా నిలబడతాయి.
థెల్మా చూపించిందట.
చాలాసేపు కొళాయి చప్పుడు తప్ప ఏమీ లేదట.
తర్వాత బయట నేల తుడుస్తున్న ఒడెస్సా టిల్లరీని పిలిచి
"నువ్వు చదివి చెప్పు, నా కళ్ళని నేను నమ్మలేను" అందట.
ఒడెస్సా పైనుంచి కిందిదాకా చదివి
"ఇందులో నేనెక్కడ?" అందట.

నల్లవాళ్ళది వేరే కాగితం. నేల తుడిచే కాగితం.
లేత్ నడపడం ఆమెకూ వచ్చు,
యుద్ధంలో థెల్మా పక్క మిషనే ఆమెది.
ఫోటోలో లేదు.

సోమవారం ఏడింటికి సైరన్ మోగింది, లేత్‌లు తిరగలేదు.
పదింటిదాకా తిరగలేదు.
థెల్మాకి తొమ్మిది సెంట్లు పెరిగాయి.
నా ఉద్యోగం పోయింది.

ఆఖరి చీటీ కూడా నన్నే టైపు చేసుకోమన్నారు.
చేసుకున్నాను.
అలాగే పట్టికలో ఒక వరస కిందికి జరిపి
ఒడెస్సా టిల్లరీ, లేత్ మిషను, అని కొట్టి
అంకె దగ్గర ఖాళీ వదిలాను.

కార్బన్ మసి గోళ్ళ కింద ఇంకా ఉంది.
కొత్త ఉద్యోగానికి వెళ్ళినచోటల్లా
చెయ్యి కలిపేముందు ఆ వేళ్ళకేసి చూస్తున్నారు.