ముప్పై ఒకటో పుట

ఫోన్లో మారికా గొంతు:
"ముప్పై ఒకటో పుట, మూడో వరస.
వేలు జారి గోతిలో పడుతోంది.
రెండు రోజులుగా చెల్లో మీద
ఏ స్వరం పెట్టినా అతకడం లేదు."

టార్టులో మంచు. గ్రంథాలయం కింది అంతస్తు.
నాకు సంగీతం రాదు.
దీపాన్ని పక్కకు వంచి
బ్రెయిలీ చుక్కల నీడలు లెక్కపెట్టడం వచ్చు.
బీరువాలోంచి రెండో ప్రతి దించాను.

"అక్కడ స్వరమేమీ లేదండీ.
విరామం. ఒక్క మాత్ర కాలం."

ఆవిడ సరిగ్గా అంతసేపే ఆగి
నవ్వింది.

నిశ్శబ్దం కూడా వేళ్లకు బొడిపే.
ఇరవై ఏళ్లుగా అరువు తీసుకున్నవాళ్లు
అక్కడిదాకా కంఠస్థం చేసి,
వేలు అక్కడే ఆనించి,
మళ్లీ మొదటికెళ్లి
పాడుకుంటూ పాడుకుంటూ
అరగదీసేశారు.

మార్చిలో పెట్టె తిరిగొచ్చింది.
పుట బోర్లించి, పలకలో బిగించి,
కుడి నుంచి ఎడమకు
నాలుగు పోట్లు పొడిచాను.
తిప్పి తడిమితే
విరామం లేచి నిలబడింది.

మధ్యాహ్నం టపాలో వాల్గాకి వెళ్లాలి.
పన్నెండేళ్ల కుర్రాడట.
వాళ్లమ్మ రాసింది:
"గోళ్లు కొరుకుతాడు గానీ
పుస్తకాన్ని
జాగ్రత్తగానే చూసుకుంటాడు."