రబ్బరు బిళ్ళ

సోహార్ల వాన ఎప్పుడు పడ్తదని
కొత్తగొచ్చిన గంగప్రసాద్ అడిగిండు.
ఇద్దరం షెడ్డు మీదున్నం, పొద్దుగాల నాలుగున్నర.
రేకు ఇంకా సల్లగనే ఉంది,
సముద్రం దిక్కు నుంచి మంచు దిగి
చేతి తొడుగులు తడిసినయి.

పడ్తదని చెప్పిన.
ఏడాదికి ఒకసారో రెండుసార్లో, ఒక్కో ఏడు అదీ లేదు.
మరి మేకు మేకుకు గింత సూసుడెందుకే, అన్నడు.

నేనూ గట్లనే అనుకున్న, మొదటి ఎండకాలం.

అప్పుడు ఫోర్‌మన్ గుల్ జమాన్, పేశావరు అవతలి మనిషి.
గడ్డంల ఎప్పుడూ ఇనుప రజను.
నాకు హిందీ అరకొర, ఆయనకు తెలుగు సున్న.
మెషిను నిలువుగ పట్టు,
వాలిందంటే రబ్బరు ఒక పెదవి తెరుస్తది.
ఎత్తు మీదనే కొట్టు,
నీళ్ళు నడిచే తొవ్వల కొట్టకు.
షమాల్ గాలొచ్చే దిక్కుకు రేకు మూతి పెట్టకు.
దిగేముందు ఇనుప పొట్టు ఊడ్వు,
రాత్రి మంచుకే అది తుప్పై రేకును తింటది.

అన్నీ తలకెక్కినయి, ఒక్కటి తప్ప.
ఎంత బిగియ్యాలె?
ఆయన రెండు వేళ్ళు దగ్గరపెట్టి "ఇత్నా" అంటడు.
ఇత్నా అంటే ఎంత?

ఒక రాత్రి ఫోన్ల సుగుణ బీడీలు సుడుతున్నది.
మాటలు నాతోని, చూపు చాటల.
దారం చుట్టింది, లాగింది, ఆపింది.
ఇంకింత లాగితే ఆకు చిట్లుతది,
లాగకుంటే తంబాకు రాలుతది,
రెండూ కార్ఖానల ఛాట్లకే పోతయి.
ఎంత లాగాలె అని అడిగిన.
గదేం ప్రశ్న, వేలుకు తెలుస్తది, అని నవ్వింది.

తెల్లారి బిళ్ళ అంచు సన్నగ ఉబ్బంగనే
మీట మీదికెళ్ళి వేలు తీసిన.
గుల్ జమాన్ ఏమీ అనలే,
తన ఛాయ్‌ల సగం నాకు పోసిండు.

ఇంతవరకు మంచిగనే ఉంది.

ఒక రోజు కోరుట్ల నుంచి ఏజెంటు ఫోన్ చేసిండు.
వడ్డీ, వడ్డీ మీద వడ్డీ, అటెన్క ఒక బూతు.
ఆ పొద్దు బిళ్ళలు నా చేతుల
అప్పడాల లెక్క నలిగినయి.
చూసిన.
చూసి, ముందటికి పోయిన.
ఇక్కడ వాన ఎక్కడిది?

ఇరవై నెలలు
పగలు రేకు సాగింది, రాత్రి ముడుసుకున్నది,
టక్కు టక్కుమంటనే ఉన్నది,
నేను క్యాంపుల పండుకుంటనే ఉన్న.

జనవరిల పడ్డది. నలభై నిమిషాలు.
బంగ్లా పిలగాండ్లు బనీన్లు ఇప్పి రోడ్డు మీదికి ఉరికిండ్రు,
నేను గోదాంలకు ఉరికిన.
మూడో కంబం కాడ
మైదా బస్తా మీద ఒక చుక్క, ఆగి ఇంకో చుక్క.
మీదికి చూస్తే అక్కడ చిల్లే లేదు.

నీళ్ళు దూరిన కాడ పడవు.
దూలం పట్టుకొని నడుస్తయి, నడిచి నడిచి
ఆసరా వదులుకున్న కాడ పడ్తయి.
టార్చి ఏసుకొని తడి గీత ఎంబడి పోయిన,
పన్నెండు అడుగులు ఎగువకు.
అక్కడున్నది నా మేకు,
దాని చుట్టు చిట్లిన రబ్బరు,
నల్లగ, ఎండిన జామాకు లెక్క.

గుల్ జమాన్‌కు నేనే చెప్పిన.
ఎన్ని, అన్నడు.
నలభై మూడు.
లెక్క నాకు ఇయ్యాల దొరికింది కాదు,
కొట్టిన రోజే తెలుసు.
శుక్కురారం సెలవు. ఆయనే నిచ్చెన మోసుకొచ్చిండు.
పాతయి పీకి, లావు మేకులు, కొత్త బిళ్ళలు,
మాపటి బాంగు దాకా పట్టింది.
తిట్టలే.
తిడితే మంచిగుండు.

గంగప్రసాద్‌కు ఇదంతా చెప్పలే.
బిళ్ళ మీద వేలు పెట్టి తిప్పు, అన్న.
తిప్పిండు. తిరగలే.
అంచు చూడు.
వంగి చూసిండు.
ఇంకోదానికి పా.

పొద్దు సముద్రంలకెళ్ళి లేస్తున్నది.
మా కాళ్ళ కింద రేకు
ఒక్కసారి టక్కుమన్నది.