ఒక్కరికి ఎంత బియ్యం

లగ్గెరెలో మూడో అంతస్తు, రేకుల గది.
ఓనరమ్మ తాళంచెవి గంగరత్న చేతిలో పెట్టింది.
పిల్ల దాన్ని తిప్పి తిప్పి చూసి
నాకు ఇవ్వబోయింది.
"నాకెందుకే, నీది" అన్నాను.
పద్దెనిమిదేళ్లలో ఆమె దగ్గర
తాళం వేసుకోదగ్గది ఏదీ ఉన్నట్టు లేదు.

అంతకుముందు మెట్ల దగ్గర విచారణ అయింది.
"ఏ ఊరు? మీవాళ్లెవరు?
పండక్కి యాడికి పోతావు?"
ఓనరమ్మది చింతామణి వైపు తెలుగు, తీయగానే అడిగింది.
గంగరత్న నా మొహం చూసింది.
యశ్వంతపురం స్టేషన్ అని చెప్పొచ్చు,
ఆరో నంబరు ప్లాట్‌ఫారం అని కూడా చెప్పొచ్చు,
ఊరంటే ఆమెకు అంతే తెలుసు.
"నా మనిషి" అన్నాను నేను.
అగ్రిమెంటులో ఆ గడి చాలా చిన్నది.
సంబంధం అన్నచోట ఏం రాయాలో తెలీక
గీత గీసి, కింద సంతకం పెట్టాను.

పుట్టినరోజు కూడా ఆఫీసువాళ్లు ఇచ్చిందే, జూన్ ఒకటి.
అదే తారీఖున మా హోములో పదకొండు మంది పుట్టారు,
అందరికీ కలిపి ఒకటే కేకు.
ఈసారి కేకు తిన్నాక
మధ్యాహ్నానికి రిజిస్టరులో ఆమె పేరు కొట్టేశారు.
ఎవరూ చెడ్డవాళ్లు కారు.
వార్డెనమ్మ ఏడ్చింది కూడా.

మొదటి రాత్రి పదిన్నరకి ఫోను.
"అక్కా, లైటు ఎవరు ఆర్పుతారు?"
నవ్వాను. ఫోను పెట్టేశాక నవ్వు రాలేదు.
రెండో రోజు "తిన్నావా?" అంటే
"గంట వినపడలేదు" అంది.
పీణ్యలో గార్మెంట్సు నుంచి వచ్చి
పళ్లెం ముందేసుకుని కూర్చుందట, అలవాటుగా.

పదమూడేళ్ల కింద నన్నూ అట్లే పంపారు.
రేకు పెట్టె, రెండు చీరలు, ఒక సర్టిఫికెట్టు,
"దేవుడున్నాడులే" అన్న మాట.
దేవుడికి కామాక్షిపాళ్యం అడ్రసు దొరకలేదేమో,
మూడు నెలలు బన్నూ టీ.
చుట్టూ నలభైమంది ఊపిరి లేక నిద్ర పట్టేది కాదు.
సిటీ బస్సెక్కి చివరి స్టాపుదాకా పోయి
అదే బస్సులో తిరిగొచ్చేదాన్ని.
పక్క సీట్లో ఎవరో ఒకరు కునుకు తీస్తుంటే
నాకూ కన్ను పడేది.
ఆదివారాలు నేనీ మెట్లెక్కేది జాలితో కాదు.
ఆ బన్ను వాసన ఇంకా పోలేదు, అంతే.

గంగరత్నకి వంట బాగా వచ్చు.
అరవైమంది సాంబారుకి చింతపండు ఎంతో
కళ్లు మూసుకుని చెప్తుంది.
చిన్న సిలిండరు వెలిగించి
గిన్నెలో బియ్యం పోసింది, పోస్తూనే ఉంది.
"ఎంతమందికే?"
చెయ్యి ఆగింది.
"ఒక్కరికి ఎంత పోస్తారక్కా?"

ఆ లెక్క దొరకడానికి నాకు ఏడాది పట్టింది.
ఎన్ని రాత్రులు మాడ్చానో, ఎన్నిసార్లు కుక్కలకి వేశానో.
చివరికి కుదిరింది ఒక స్టీలు గ్లాసుతో,
అంచు నొక్కుకుపోయింది, ఎవరూ కొననిది.
ఈ పొద్దు ఎందుకో సంచిలో వేసుకొచ్చాను.
తీసి ఇచ్చాను.
"దీనితో తలకొట్టి ఒకటి.
నేనొచ్చిన రోజు రెండు."

కానీ అప్పటికే బియ్యం కడిగేసింది.
అన్నం పొంగి పొంగి మూతను లేపింది.
పక్కగది ఒడియా పిల్లలిద్దరికీ పెట్టాం.
ఓనరమ్మకి ఒక గిన్నెడు పంపితే
"ఇదేం పెళ్లి?" అని కింద నుంచి కేకేసింది.
ఇంకా మిగిలింది.

గంగరత్న గిన్నె పట్టుకుని నిలబడింది.
హోములో ఎప్పుడూ ఏదీ మిగిలేది కాదు,
మిగిలినా అది ఎవరిదో తెలిసేది కాదు.
"దీన్నేం చెయ్యాలి?"
"నీళ్లు పొయ్యి. పొద్దునకి ఉల్లిపాయ ఒకటి చాలు."
నీళ్లు పోసింది. పళ్లెం మూతేసింది.
కాసేపు ఆలోచించి
తలుపు దగ్గరికి వెళ్లి
తాళం సరిగా పడుతుందో లేదో
రెండుసార్లు చూసుకుంది.