అడ్డం నాలుగు, నిలువు మూడు

నర్సాపురం రేవు దిగి
కాలవ పక్క సందులోకి బండి తిప్పుతుంటే
తాతాజీ గారి ఫోను, మూడోసారి.
"కొత్త మానిటరు పెట్టిన రోజు నుంచీ
నా డిజైన్లన్నీ ఒళ్ళు చేశాయయ్యా."

నిజమే.
ఇరవై రెండు అంగుళాల వెడల్పు తెర.
దాని మీద, పొట్టి తెరల కాలంలో
ఎవరో రాసిచ్చిపోయిన లేసు ప్రోగ్రాము.
బల్ల మీద పరిచే చక్రం గుడ్డ
కోడిగుడ్డయి పడుకుంది.
అంచులో నెమళ్ళు
బాతుల్లా బరువుగా నడుస్తున్నాయి.

గుమ్మం పక్క పీట మీద దీవెనమ్మ,
కొంకి సూది కొప్పులో దోపుకుని,
నలభై ఏళ్ళు దారం ఒరిసిన వేలితో
తెరని చూపించింది.
"బొమ్మలో ఎలా ఉంటే అలాగే కుట్టమంటారండీ ఈయన.
నా చెయ్యి గుండ్రంగా తిరుగుద్ది బాబూ,
గుడ్లు పెట్టదు."

మిగతావాళ్ళ చేతులు పెట్టాయి.
మూలన అట్టపెట్టెలో
పార్టీ వెనక్కి కొట్టిన నలభై.

ఆవిడే లేచి, ఉండలోంచి దారం లాగి
తెర మీద ఆనించి పట్టింది.
అడ్డంగా నాలుగు బెత్తెలు.
నిలువునా మూడే.
నేను డిప్లొమాలో బట్టీపట్టిన లెక్క
ఆవిడ గోటి కింద
దారంగా వేలాడుతోంది.

తప్పు తెరది కాదు, ప్రోగ్రాముదీ కాదు.
ఇద్దరి మధ్యా గ్రాఫిక్స్ కార్డు ఉంటుంది,
బంతిలో వడ్డించే అత్యుత్సాహపు బావగారిలా.
విస్తట్లో ఖాళీ కనపడితే చాలు,
ఉన్నదాన్నే సాగదీసి నింపేస్తుంది.
దాని చెవిన వేయాల్సిన మాట ఒకటుంది:
ఉన్న పొడవు వెడల్పుల పొత్తు చెరపకు.

వెతికాను. ఉంది.
కానీ బూడిద రంగులో,
వేసవిలో కాలవ కట్టేశాక తూము తలుపులా
ఎంత నొక్కినా పలక్కుండా.

డ్రైవరు పాతది. కొత్తది దించుకోవాలి.
డెబ్బై శాతం దగ్గర కరెంటు పోయింది.
తాతాజీ గారు గోలీసోడాలు తెప్పించారు.
దీవెనమ్మ ఆ చీకట్లోనే
నాలుగు వరసలు అల్లేసింది,
చూపుతో పనేవుంది అన్నట్టు.

కరెంటొచ్చింది. మళ్ళీ మొదట్నుంచీ దించాను.
అయినా బూడిదే.

రెండో సోడా సగంలో తట్టింది.
తెర తన నిండు కొలతలో ఉన్నంతసేపూ
సాగదీసేదేముంది, ఆపేదేముందని కార్డు పేచీ.
ముందు కొలత తగ్గించాలి,
వెయ్యీ ఇరవై నాలుగుకి.
తగ్గాక అడగాలి.
తగ్గాను. బూడిద అక్షరాలు నల్లబడ్డాయి.
నొక్కాను.

తెర ఒక్క రెప్పపాటు ఆరి, వెలిగింది.
చక్రం లేచి కూచుంది.
నెమళ్ళకి మెడలొచ్చాయి.
అటూ ఇటూ మాత్రం
నిలువునా రెండు నల్ల పట్టీలు.

"అదేటయ్యా! తెర మొత్తానికీ డబ్బు కట్టాను.
ఆ నలుపంతా దండగేనా?"

నేను నీళ్ళు నవిలాను.
దీవెనమ్మ తలెత్తలేదు.
"మన సరుకులో సగం కన్నాలే గదండీ.
ఆయ్, వాటిక్కూడా డబ్బు తీసుకుంటన్నాం."

ఆయనకి నవ్వొచ్చిందో కోపమొచ్చిందో
సోడా గుటకలో తెలీలేదు.
నాలుగొందలు అడిగితే
మూడొందలిచ్చారు.
గుమ్మం దిగాక గానీ నవ్వు రాలేదు నాకు.

సాయంత్రం పంటు ఎక్కాను, సఖినేటిపల్లికి.
ఎర్రనీరు. గడ్డి మోపులు, రెండు ఆటోలు,
రొయ్యల మేత బస్తాల వాసన.
వెనక్కి తిరిగి చూస్తే
నర్సాపురం మీద సూర్యుడు,
పైన సరిగ్గా గుండ్రంగా,
కింద వశిష్ఠలో
సాగి, సాగి, పంటు అంచు దాకా.

దీవెనమ్మ దారం ఉంటే కొలిచేవాణ్ణేమో.
బండి స్టాండు జారుతోంది.
పట్టుకున్నాను.