భుజం ఇస్తే వింటుంది

ఒతీలియా బర్రీయా ఇంట్లో
ఉన్ని చుట్టుకునే కొయ్య చట్రం ఒకటి ఉంది:
రెండు కర్రల శిలువ, నాలుగు కొసలకూ గాట్లు.
లూప్ ఆంటెన్నా కడతాను, ఇవ్వమన్నాను.
"విరిచావో, నీ పడవ ఇంజను నేను విప్పుతా" అంది.

మెకానిక్కుని. చిలోయే దీవుల మధ్య
తడిసిన మోటార్లు ఆరబెట్టి బతుకుతాను.
ఆమె ట్రాన్సిస్టరు నాకన్నా రెండేళ్లు పెద్దది.
తోలు తొడుగు, ఒక కొస ఊడిన బెల్టు,
గోటికి అరిగిన అంకెలు.
సాల్మన్ కంపెనీ వాళ్లు జలసంధిలో బోనులు దించి
దీపాలు పెట్టినప్పటినుంచీ
దానికి ఒకటే మాట: జుయ్.

రాగి తీగ ఆమే చుట్టింది.
నేను కొలబద్ద తీస్తే నవ్వింది.
చుట్టుకీ చుట్టుకీ మధ్య అల్లిక సూది మందం,
మేజోడు మడమ దగ్గరి బిగువు.
పదకొండో చుట్టులో
ఎవరిదో పెళ్లి తగువు ఎత్తుకుని లెక్క తప్పింది.
మొత్తం విప్పింది. మళ్లీ ఒకటి.

చచ్చిపోయిన రేడియోలోంచి కండెన్సరు తెచ్చి బిగించాను,
రేకుల్లోకి రేకులు దూరే పాత రకం,
దువ్వెనలో దువ్వెన.

తీగ రేడియోకి ఎక్కడా తగల్లేదు.
"మరెలా?"
పక్కన పెడితే చాలన్నాను.
అలా జరగ్గా తానెప్పుడూ చూళ్లేదంది,
మొగుడు నలభై ఏళ్లు పక్కనే కూర్చున్నాడట.

మీట తిప్పాను. ఒకచోట
పాలు పొంగినట్టు పొంగింది శబ్దం.
అంకూద్ స్టేషను గొంతు ఎక్కడో
మీగడ కింద పడ్డ ఉంగరంలా.

ఈ చట్రం సంగతి చెప్పాలి.
ముఖం చూపిస్తే వినదు. భుజం ఇస్తే వింటుంది.
దాని వినికిడి కన్నా దాని చెవుడే నాకిష్టం:
ఎటు వినకూడదో అటే తిరిగి
నిబ్బరంగా నిలబడుతుంది.
బోనుల వైపు ముఖం తిప్పాను.
జుయ్ ఆగింది.
గొంతూ ఆగింది.

రెండూ ఒకే గీత మీద ఉన్నాయి.
ఒకే గుమ్మంలోంచి పెళ్లివారూ, అప్పులవాళ్లూ.

పానాలు సర్దుకోబోయాను.
ఆమె కిటికీలోంచి చూస్తూ అంది:
"నా ఏడో ఏట ఈ ఇల్లు అదిగో, ఆ గుట్ట కింద ఉండేది.
అల గడపదాకా వస్తోందని
పన్నెండు జతల ఎడ్లు కట్టి ఇల్లంతా లాగారు,
పొయ్యిలో నిప్పుతో సహా.
మా నాయన అందరికీ ఆపిల్ కల్లు పోశాడు.
ఇల్లే కదిలింది. రేడియో కదలదా?"

వానలో నడిచాం. నా చంకలో తోలు డబ్బా,
ఆమె తల మీద చట్రం, బట్ట లేని గొడుగు.
బంగాళదుంపల చేను దాటి, పడవల పాక వెనక్కి,
బోనుల దీపాలు కుడిచేతికి జరిగేదాకా.
గడ్డిలో పీపా. పీపా మీద రేడియో.
ముఖం రొదకి. భుజం అంకూద్‌కి.

జుయ్ మాయమైందని అనను.
పక్కింటి దెబ్బలాటంత మిగిలింది.
దాని మీదుగా ఎవరో సందేశాలు చదువుతున్నారు:
"ఎదుటి దీవి రోసమెల్ చిగ్వాయికి.
ఆవు ఈనింది. పెయ్య. రెండూ బాగున్నాయి.
గురువారం పడవకి నేను రావడం లేదు, బూట్లు పంపుతున్నాను."

అది మా ఇద్దరికీ ఏమీ కాదు.
రోసమెల్ రేడియో ఎనిమిది నెలలుగా
ఆ రొద కిందే పడి ఉంది.
ఒతీలియా శాలువా తీసి
చట్రానికి కప్పింది, తడవకుండా.
"నీ పడవ నడుస్తుందా?"
ఇంకా బాగు చేసుకోలేదన్నాను.
తెడ్లు తీసుకుంది.