రెండు సాళ్లు తప్ప

ఎనుమాముల మార్కెటు గేటుకు ఎదురుంగ
నా జిరాక్సు డబ్బా.
డిగ్రీల ఇంగ్లిషు రెండుసార్లు తప్పి
మూడోసారి గట్టెక్కినోన్ని.
దరఖాస్తు రాస్తే ముప్పై రూపాయలు.

గజ్జెల ఓదెలు వచ్చిండు,
పాసుబుక్కును యూరియా కవర్ల చుట్టుకొని.
రాళ్లవాన మిర్చితోటను కొట్టింది,
బీమా కంపెనీకి ఇంగ్లిషుల రాయాలె.

ఎంతెంత రాళ్లు? అన్న.
"కొన్ని కుంకుడుగింజంత,
శానమటుకు ఉసిరికాయంత.
గొర్రెపిల్ల నెత్తిన పడ్డదైతే
గీ నా పిడికెడంత."

పెన్ను ఆగింది.
బిగ్ అందునా, లార్జ్ అందునా?
బిగ్ ఇంట్ల తిరిగే మాట,
లార్జ్ అంగీ మెడపట్టీ మీద కుట్టిన మాట,
హ్యూజ్ బట్టల దుకాణం ఫ్లెక్సీల మీద ఎండుతాంది,
గ్రేటేమో రాజులకూ సర్కసుకూ పోయింది.
మా నర్సింగం సారు చెప్పేది:
బిగ్ సిస్టర్ అంటే అక్క,
లార్జ్ సిస్టర్ అని చూడు, చెంప వాస్తది.

మనకు గీ తిప్పలు లేదు.
పెద్దమ్మ పెద్ద, పెద్దవాగు పెద్ద,
పెద్దపల్లి టేషను పెద్ద,
సచ్చినంక పదకొండోనాడు కూడ పెద్దదే.
అన్నీ ఒక్క సంచిల పోసి మూతి కట్టినం,
ఎవలిది వాళ్లు ఏరుకుంటరు.

ఉసిరికాయకు ఇంగ్లిషు యాదికి రాలె.
యు ఎస్ ఐ ఆర్ ఐ అనే రాసి
కింద గీత కొట్టిన.

ఇగ నష్టం.
ఫారంల మూడు గళ్లు:
మైల్డ్, మాడరేట్, సివియర్.
కొంచెం, నడిమి, మస్తు అని చెప్పిన.
"గంతకన్న పెద్ద మాట లేదా?
పెద్ద మాటకు ఎక్కువ పైసలస్తయా?"
మాటకు రావు, ఎకరానికి వస్తయన్న.
నవ్విండు, పండ్ల సందున పొగాకు కనవడేటట్టు.

మస్తు గడిల టిక్కు పెట్టవోతాంటే
చెయ్యి అడ్డం పెట్టిండు.
"మొత్తం పోలె సారూ.
వాగొడ్డు దిక్కు రెండు సాళ్లు నిలబడ్డయి.
పొద్దుగాల చూసొచ్చిన.
మస్తని రాస్తే అవి లేనట్టే గద."

టిక్కు పెట్టక తప్పలేదు.
పక్కన అంచుల మాత్రం, తెలుగుల,
రెండు సాళ్లు తప్ప అని రాసిన.
హైదరాబాదుల ఎవరు చదువుతరో.

ముప్పై తీసిండు, ఇరవై తీస్కున్న.
అది ఏ గడిల పడుతదో
నాకు తెల్వదు.